ఎన్‌హెచ్‌ఎల్: జీతాల పరిమితి, ఆటగాళ్ల బదిలీలు

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్కో జట్టు జీతాల ఖర్చుకు ఉన్న గరిష్ఠ హద్దే ‘సాలరీ క్యాప్’. లాకౌట్‌తో 2004–05 సీజన్ మొత్తం రద్దయ్యాక 3.9 కోట్ల డాలర్లతో మొదలైంది. 2024–25 నాటికి 8.8 కోట్లకు చేరింది. ఆటగాణ్ణి పంపించే జట్టు అతని జీతంలో సగం దాకా తన లెక్కలోనే ఉంచుకోవచ్చు. కొన్ని పెద్ద బదిలీలు ఈ వెసులుబాటు మీదే నడుస్తాయి.

కొలరాడో జట్టు ఆటగాడు మికో రాంటనెన్ ఉదంతమే చూడండి. మరో ఆటగాడు నేథన్ మకినన్‌కే ఏటా 1.26 కోట్లు ఇస్తున్న కొలరాడో, 2025 జనవరిలో రాంటనెన్‌ను కరొలైనాకు వదిలేసింది; సగం జీతభారం మధ్యవర్తిగా నిలిచిన మూడో జట్టు షికాగో మోసింది. కరొలైనాతో దీర్ఘకాలిక ఒప్పందం కుదరలేదు. మార్చిలో డాలస్ అతన్ని తెచ్చుకుని 8 ఏళ్లకు 9.6 కోట్లు రాసిచ్చింది. బదులుగా యువ ఫార్వర్డ్ లోగన్ స్టాంకోవెన్‌నూ, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాలనూ, ఇంకా కొంతా ఇచ్చుకుంది.

ఖరీదైన బేరమే. అయినా ఆ ఏటి ప్లేఆఫ్స్ తొలి రౌండ్ ఏడో మ్యాచ్‌లో, చివరి పీరియడ్‌లోనే మూడు గోల్స్ కొట్టి రాంటనెన్ ఇంటిదారి పట్టించింది కొలరాడోనే.