హైదరాబాదు మెడికల్ స్కూలు - క్లోరోఫారం కమిషన్లు

ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివినవాళ్ళం ఈ దేశంలో ఏ పెళ్ళిలోనో, ఉగాది విందులోనో కలిస్తే మాటలు కోఠీ దగ్గర మొదలై, అనాటమీ హాలు మీదుగా సాగి, ఎవరు ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రిలో ఉన్నారన్న లెక్కతో ముగుస్తాయి. కాలేజీ చరిత్ర మాట వస్తే మాత్రం దాదాపు అందరం ఒక్కటే చెబుతాం: క్లోరోఫారం ప్రమాదం లేనిదని లోకానికి చాటింది మన హైదరాబాదేనని. ఆ మాట సగమే నిజం. మిగిలిన సగం కూడా మన పిల్లలకు చెప్పవలసినదే గనుక ఇది రాస్తున్నాను.

ముందు బడి సంగతి. నాల్గవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, డాక్టర్ మెక్లీన్ పర్యవేక్షణలో హైదరాబాదు మెడికల్ స్కూలు మొదలైంది. చదువు ఉర్దూలో. గట్టెక్కినవారికి హకీం అన్న పట్టా. సంస్థానంలో ఎక్కువ ఇళ్ళలో వినిపించేది తెలుగు, ఆ తర్వాత మరాఠీ, కన్నడం. వైద్యం నేర్చుకోవాలంటే మాత్రం ముందు ఉర్దూ రావాలి. తరువాత చదువు ఇంగ్లీషులోకి మారింది. 1920లలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చి మెడికల్ కాలేజీ అయ్యాక మళ్ళీ ఉర్దూ, 1948 తర్వాత మళ్ళీ ఇంగ్లీషు. ఇన్నిసార్లు భాష మార్చుకున్న మెడికల్ కాలేజీలు అరుదు.

1885లో రెసిడెన్సీ సర్జనుగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఈ స్కూలుకూ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికీ పెద్ద అయ్యాడు. ఆయన ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. ఆ సంగతి తెలియకపోతే తర్వాత కథ అర్థం కాదు. 1847లో ఆ ఎడింబరోలోనే సింప్సన్ క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే చనిపోయింది. కాలిగోరుకు ప్రాణం! అప్పటినుంచి తగువు. మందు గుండెను ఆపుతుందని లండనువారు, అంచేత నాడి చూడాలని. ముందు ఆగేది ఊపిరి అని సైమ్ పక్షం, అంచేత నాడి వదిలి ఊపిరి చూడాలని. లారీ గురువు మాటను హైదరాబాదుకు మోసుకొచ్చాడు.

1888లో మొదటి కమిషన్ వేశారు. వందకు పైగా కుక్కల మీద పరీక్షించి, ప్రతిసారీ ఊపిరి ఆగిన తర్వాతే గుండె ఆగిందని తేల్చింది. లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండి అన్నాడు. పత్రిక పంపిన మనిషి సామాన్యుడు కాడు, లాడర్ బ్రంటన్. క్లోరోఫారం గుండెను దెబ్బ తీస్తుందన్న నమ్మకంతోనే ఆయన వచ్చాడు. 1889 చివరి నెలల్లో కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద పని జరిగింది. బ్రంటన్ మనసు మారింది. ప్రమాదమల్లా ఊపిరాడకపోవటంవల్ల, మోతాదు మించటంవల్ల. నేరుగా గుండెకు వచ్చేది ఏమీ లేదని లండనుకు తంతి కొట్టాడు. 1890లో రిపోర్టు లాన్సెట్‌లో అచ్చయింది. ఒక సంస్థానం నడిపే మెడికల్ స్కూలు లండనువారిని తన గడపకు రప్పించి ఒప్పించటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. మనం గర్వపడేది ఇక్కడే.

మిగిలిన సగం ఏమిటంటే, ఆ తీర్పు నిలబడలేదు. 1911లో లీవీ అనే ఆయన పిల్లుల మీద చేసిన పనిలో ఒక సంగతి బయటపడింది. మత్తు ఎక్కువైతే ఊపిరి ముందు ఆగుతుంది, నిజమే. మత్తు చాలీచాలకుండా ఉన్నప్పుడు, ఒంట్లో అడ్రినలిన్ పొంగినప్పుడు మాత్రం గుండె గదులు ఒక్కసారిగా గిలగిల కొట్టుకుని ఆగిపోతాయి. మనం ఫిబ్రిలేషన్ అనేది అదే. బెదిరిపోయిన పిల్ల, చిన్న ఆపరేషన్, పైపై మత్తు - హానా గ్రీనర్ విషయంలో ఉన్నవి ఈ మూడే. హైదరాబాదులో జంతువులకు మందు గట్టిగా పట్టించారు. అలా పట్టిస్తే ఊపిరే ముందు ఆగుతుంది. లెక్కలో తప్పు లేదు, అడిగిన ప్రశ్న ఇరుకైనది. గురువు మీద భక్తి కూడా కొంత పనిచేసిందని నా అనుమానం. ఆ రిపోర్టు చదివి నాడి చూడటం మానుకున్న వైద్యులు ఉండే ఉంటారు. వారి చేతుల్లో పోయినవారినీ లెక్కలో వేసుకోవాలి. కాలేజీ గొప్ప చెప్పుకునేటప్పుడు దీన్ని దాటవేయటం నాకు నచ్చదు.

అయినా విద్యార్థులకు అక్కడ నేర్పిన చదువు వృథా కాలేదనే నేనంటాను. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో క్లోరోఫారం ఇచ్చేది విద్యార్థులే. మెడ దగ్గర, రొమ్ము మీద, పొట్ట మీద బిగుతు గుడ్డ ఉండకూడదు. రోగిని పడుకోబెట్టాలి. ఊపిరి నిదానంగా, క్రమంగా సాగాలి; పెనుగులాడి ఊపిరి బిగబడితే వెంటనే మందు తీసెయ్యాలి. కంటి పాప మీద వేలు తాకితే రెప్ప కదలనప్పుడు ఇక చాలు. సర్జను ఏం చేస్తున్నాడో చూడటం మందు ఇచ్చేవాడి పని కాదు, వాడి కన్ను రోగి ఊపిరి మీదే ఉండాలి. ఇందులో నాడి కూడా చేర్చండి, మిగతాదంతా ఈనాటికీ మత్తు డాక్టర్లు పాటించేదే. మత్తు ఇవ్వటం ఎవరో ఒకరు చేసే చిల్లరపని కాదు, పద్ధతిగా నేర్చుకోవలసిన విద్య అని ఆ కుర్రవాళ్ళకు ఇరవై ఏళ్ళకే తెలిసింది.

కుర్రవాళ్ళకే కాదు. లారీ హయాంలో ఆడపిల్లలనూ చేర్చుకున్నారు. మద్రాసు మెడికల్ కాలేజీ ఈ పని 1875లోనే చేసింది. లారీ చదువుకున్న ఎడింబరో విశ్వవిద్యాలయం మాత్రం 1885 నాటికి ఇంకా ఆడవారికి వైద్యపట్టా ఇవ్వటం లేదు. ఆ ఏడు హైదరాబాదులో చేరినవారిలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ అమ్మాయి ఉంది. 1889లో, అంటే రెండవ కమిషన్ నడిచిన ఏడాదే, ఆమె హకీం పట్టా పుచ్చుకుని క్లోరోఫారం ఇవ్వటమే వృత్తిగా పెట్టుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చాలామంది చరిత్రకారుల మాట.

కమిషన్ రిపోర్టుల్లో లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్ పేర్లు పెద్దగా కనిపిస్తాయి. మనవాళ్ళలో డాక్టర్ రుస్తుంజీ సభ్యుడు గనుక ఆయన పేరూ ఉంది. ఏళ్ళ తరబడి రోజూ రోగుల ముఖం మీద ఆ గుడ్డగొట్టం పట్టుకుని కూర్చున్న విద్యార్థులకు ఆ ఖ్యాతి దక్కలేదు. వారు పనిచేసిన ఆసుపత్రిని 1908లో మూసీ వరద పాడుచేసింది. తర్వాత లేచిన ఉస్మానియా ఆసుపత్రినే మనం ఎరుగుదుం.

రూపాబాయి గారు మరుసటి సంవత్సరం, 1909లో, ఎడింబరోకు ఓడ ఎక్కారు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా మత్తు ఇస్తున్నారు. మత్తు వైద్యానికంటూ వేరే చదువు ఆనాడు లేదు గనుక, ఆ మందుల గుణం అర్థం కావటానికి ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివారు. చదువయ్యాక తిరిగి హైదరాబాదు వచ్చి, మళ్ళీ ఆ పనిలోనే కూర్చున్నారు.