ఎర్ర గుడ్డు - ఎర్ర బట్ట

ఈస్టరు పండుగ తేదీని చంద్రుని బట్టి నిర్ణయింతురు. మార్చి 21వ తేదీన గాని, ఆ తరువాత గాని వచ్చు పూర్ణిమ పిదప తొలి ఆదివారమే ఈస్టరు. అందుచేత అది మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపల ఏనాడైనను రావచ్చును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో అది ఎండలు ముదురు కాలము. ఆనాటి తెల్లవారుజామున ఇక్కడి క్రైస్తవులు సమాధుల తోటకు పోయి, సున్నము వేసిన సమాధులపై పూలుంచి కొవ్వొత్తులు వెలిగించుట పలుచోట్ల కనబడును. ఐరోపా, అమెరికాలలో అదే పండుగకు వంటయింటిలో మరియొక పని జరుగును. అది కోడిగుడ్లకు రంగు వేయుట.

పండుగకు, గుడ్డునకు ముడి ఎట్లు పడినది? మధ్యయుగములలో ఈస్టరుకు ముందు 40 దినముల ఉపవాసకాలమున మాంసముతోపాటు గుడ్డును నిషేధించిరి. కోళ్లకు ఈ నియమము తెలియదు గదా! అవి పెట్టుచునే యుండెను. పోగుపడిన గుడ్లను పండుగనాడు తినుట, పంచుట, రంగులతో అలంకరించుట ఆచారమైనది. ఇంగ్లండు రాజు ఒకటవ ఎడ్వర్డు ఇంటి లెక్కలలో 1290వ సంవత్సరమున 450 గుడ్లకు 18 పెన్నీలు వ్రాయబడినవి. వాటికి రంగో, బంగారు రేకో వేయించి పరివారమునకు పంచిరి. గ్రీసు మొదలగు తూర్పు సంఘములవారు క్రీస్తు రక్తమునకు గుర్తుగా గుడ్లకు నేటికిని ఎరుపే వేయుదురు. అయితే పెంకుమీద బొమ్మ గీయవలెనను కోరిక ఏ మతముకన్నను పాతది. దక్షిణాఫ్రికాలోని డీప్‌క్లూఫ్ గుహాశ్రయమున దొరికిన, గీతలు చెక్కిన నిప్పుకోడి గుడ్ల పెంకులు సుమారు 60,000 ఏండ్లనాటివి.

1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయరు జర్మనీలో పుట్టినవాడు. అమెరికాలోని పెన్సిల్వేనియానుండి వచ్చెను. అక్కడి జర్మను కుటుంబములవారు గుడ్లను ఉల్లిపొట్టుతో ఉడికించి, ఎర్రబారిన పెంకుపై సూదిమొనతో పువ్వులు, పక్షులు గీయుదురు. మిషనులతో బడులు, ఆసుపత్రులు వచ్చినవి. ఈస్టరు వేకువ ఆరాధన స్థిరపడినది. రంగుగుడ్డు మాత్రము ఇక్కడ పండుగకు గుర్తుగా నిలువలేదు. దానికి కావలసిన సరుకంతయు మన వంటయింటిలోనే ఉండుట మాత్రము గమనింపదగినది. తెనాలికి దాపుననే దుగ్గిరాల పసుపు సంత కలదు. ఉల్లిపొట్టు ఎవరింట నైనను చెత్తకుప్పకు పోవునదే.

నాలుగైదు గుప్పిళ్ల ఎర్ర ఉల్లిపొట్టును నీటిలో అరగంట మరగించి వడకట్టవలెను. ఆ నీరు చల్లారిన పిదప గుడ్లు వేసి, ఒకటి రెండు చెంచాల వెనిగరు చేర్చి, సన్నని సెగపై పది పన్నెండు నిమిషములు ఉడికించినచో ఇటుక ఎరుపు పట్టును. పసుపు నీటిలో పచ్చని రంగు వచ్చును. నాటుకోడి గుడ్డు పెంకులో సహజముగనే గోధుమ వన్నె ఉండును గనుక లేతరంగులకు తెల్లగుడ్డే మేలు. చిన్న ఆకునొకదానిని గుడ్డుపై అదిమి పలుచని గుడ్డపేలికతో బిగించి ఉడికించినచో ఆకు ఉన్నచోట పెంకు తెల్లగా మిగులును. పెంకునిండ వేలకొలది సూక్ష్మరంధ్రములుండును. కావున తినదలచిన గుడ్డుకు తినదగిన రంగే వేయవలెను. మన ఎండలలో ఉడికిన గుడ్డును ఒక గంటకు మించి బయట ఉంచరాదు.

ఇంతకును వెనిగరు దేనికి? పెంకులో నూటికి 95 పాళ్లు కాల్షియం కార్బొనేటు. దానిపై మాంసకృత్తులతో కూడిన పలుచని పొర ఉండును. ఎసిటిక్ ఆమ్లము తగిలినప్పుడు ఈ మాంసకృత్తులకు ధనవిద్యుదావేశము కలుగును. ఋణావేశముగల రంగు కణములు వాటిని అంటిపెట్టుకొనును. ఆమ్లము ఎక్కువైనచో పెంకే కరిగి, కార్బన్ డై ఆక్సైడు బుడగలు లేచి, రంగు మచ్చలు మచ్చలుగా పడును.

నూలుకు ఈ ఉపాయము చెల్లదు. నూలుబట్టకు ఎరుపు పట్టించు విద్యలో ఈ తీరమువారు ప్రపంచమునకే గురువులు. రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నమును పూర్వము పెదపల్లి అనిరి. ఐరోపా వర్తకుల నోట అది పెటపోలి అయినది. 1606లో డచ్చివారు అక్కడ వర్తకశాల పెట్టిరి. 1611లో గ్లోబు అను ఓడలో ఇంగ్లీషువారు దిగిరి. వారిని ఆకర్షించిన వాటిలో చిరివేరు అద్దకపు ఎర్రబట్ట ఒకటి. బట్టను ముందు పటికనీటితో తడిపి, తరువాత చిరివేరుతో కాచెడివారు. పటికలోని అల్యూమినియము నూలుకు, రంగుకు నడుమ లంకెగా నిలుచును. ఆ రంగు పేరు ఎలిజరిన్. ఉతికినకొలది బట్ట మెరయునే గాని వెలిసెడిది కాదు.

మరియొక పోలిక మిక్కిలి ఆశ్చర్యకరము. యుక్రెయిన్ స్త్రీలు పచ్చిగుడ్డుపై చిన్న గొట్టపుకలముతో కరిగిన మైనమును గీసి, లేతరంగులో ముంచి, మరల గీసి, ముదురురంగులో ముంచుదురు. తుదకు దీపపుసెగకు మైనము తుడిచినచో దానిక్రింద దాగిన రంగులన్నియు బయటపడును. కోరమాండల్ తీరమున అద్దకపువారు చేసినదియు ఇదే. నీలిమందు గాలి తగలగనే నీటిలో కరగని రూపమునకు మారును గనుక దానిని కుంచెతో పూయ వీలులేదు. అందుచేత నీలము పట్టరాని భాగములకెల్ల మైనము పూసి, బట్టను నీలితొట్టిలో ముంచెడివారు. అక్కడ గుడ్డు, ఇక్కడ బట్ట. మైనము పని ఒకటే.

1868లో గ్రేబె, లీబర్‌మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు తారునుండి తీసిన ఆంత్రసీనుతో ఎలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిరి. మరుసటి ఏడే దానిని చౌకగా చేయు పద్ధతి తెలిసినది. వేరు త్రవ్వి, ఎండబెట్టి, పొడిచేసి అమ్ముకొనువారి జీవనము కొద్ది దశాబ్దములలో కూలిపోయినది. 1880 ప్రాంతమున అమెరికాలోని న్యూజెర్సీలో ఒక మందుల వర్తకుడు గుడ్ల రంగును బిళ్లలుగా చేసి అమ్మసాగెను. అక్కడి వంటయిండ్లలో ఉల్లిపొట్టు కాచవలసిన పని నాటినుండి తగ్గినది.