అన్నం పెట్టాం, మరి వారి కథ?

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతంలో కథలకు కొదవ లేదు. సినిమాలో కథానాయకుడి తాత ఎవరో, ఊరేదో మొదటి పావుగంటలోనే చెబుతారు. ఆ స్టూడియోల పక్క బస్తీల్లో మన సంఘాలున్నాయి. అక్కడికి ఆరాధనకు వచ్చే బాలసదనాల పిల్లల్లో తాత పేరు తెలియనివారు ఉంటారు. క్రిస్మస్‌కు వారికి బట్టలు, కేకులు, బిర్యానీ పంచుతాం. మంచిదే. అయితే "మేమెవరి పిల్లలం?" అని వారు అడిగితే మన దగ్గర జవాబుందా?

మోషే ఫరో కుమార్తె ఇంట పెరిగాడు. అయినా అతనికి పాలిచ్చింది కన్నతల్లే. పెద్దవాడయ్యాక వెట్టిచాకిరీ చేస్తున్న హెబ్రీయులను చూసి, వారు తన సహోదరులని గుర్తించాడు. తల్లిదండ్రులు లేని ఎస్తేరును మొర్దెకై పెంచాడు. రాణి అయినా, ఆపదవేళ ఆమె తన జనం పక్షాన నిలబడింది. పెంచిన ఇల్లు వేరైనా, తమ వారెవరో వీరిద్దరికీ తెలుసు.

అమెరికాలో ఏటా ఫిబ్రవరిని నల్లజాతి చరిత్ర మాసంగా జరుపుతారు. బానిసత్వం అనుభవించిన తల్లిదండ్రులకు పుట్టిన చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ 1926లో దీన్ని ఒక వారంగా మొదలుపెట్టాడు. ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజు కలిసివచ్చేలా ఆ వారాన్ని ఎంచుకున్నాడు. డగ్లస్ బానిసగా పుట్టాడు. పసితనంలోనే అతణ్ణి తల్లి నుంచి విడదీశారు. తాను పుట్టిన తేదీ తెలియక, ఫిబ్రవరి 14ను తానే పెట్టుకున్నాడు. వయసును అంచనా వేసి రికార్డులో రాసిన మన బాలసదనాల పిల్లలకు ఇది దూరదేశపు కథ కాదు.

మన నగరంలోనూ ఆఫ్రికా చరిత్ర ఉంది. మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరుకు అర్థం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్విక దళం అది. ఆ సిద్దీల వారసులు నేటికీ నగరంలో ఉన్నారు.

ఇక మన సొంత చరిత్ర. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, దళిత పిల్లల చదువు కోసం పాటుపడ్డారు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా అవమానాలు భరించి, 1941లో 'గబ్బిలం' రాశారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. తెలుగు సినిమా కూడా 1938లోనే 'మాలపిల్ల'తో అంటరానితనాన్ని ప్రశ్నించింది.

"క్రీస్తులో కులం లేదు, పాత సంగతులెందుకు?" అని మనలో కొందరంటారు. క్రీస్తులో భేదం లేదన్నది నిజమే. కానీ ఆ మాటతో పిల్లల చరిత్రను తుడిచేస్తే, వారికి మిగిలేది సిగ్గే. తండా నుంచి వచ్చిన పాప గోర్ బోలీలో పాడితే, "ఆ భాష వద్దమ్మా" అనకూడదు. ఆ పాట ఆమెకు మిగిలిన ఆస్తి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. భారత్ 1992లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక ప్రకారం, కుటుంబానికి దూరమైన బిడ్డ సంరక్షణలో ఆ బిడ్డ మతం, సంస్కృతి, భాషలను దృష్టిలో పెట్టుకోవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లలను సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలంటుంది. కుటుంబాల్లో ఉంచి పెంచే ఫోస్టర్ కేర్‌కు చోటిచ్చింది. 18 నిండి సదనం విడిచేవారికి 21 ఏళ్ల వరకు తోడ్పాటు అందించవచ్చంటుంది.

సంఘాలుగా మనం చేయగలిగినవి ఇవి:

పిల్లలను తీసుకోవాలనుకునే కుటుంబం ముందుగా జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సంప్రదించాలి. సొంత ఏర్పాట్లు వద్దు.

సదనం అనుమతితో ప్రతి బిడ్డకూ ఒక జ్ఞాపకాల పుస్తకం పెట్టాలి. అందులో ఊరు, భాష, గుర్తున్న పాట, వంట, మనుషులు ఉండాలి. అది ఆ బిడ్డ సొత్తు.

వేసవి బైబిలు పాఠశాలల్లో జాషువా, భాగ్యరెడ్డివర్మ, డగ్లస్ కథలు చెప్పాలి. అందరు పిల్లలకూ కలిపి చెప్పాలి.

వేదిక మీదికి పిలిచి కులం, గతం అడగవద్దు. ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టవద్దు. వారి గుర్తింపు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. వేరే మతంలో పుట్టిన బిడ్డను మన ఆరాధనకు బలవంతపెట్టవద్దు.

18 నిండి బయటికి వచ్చిన యువతీయువకులను పండుగకు ఇంటికి పిలవాలి. వచ్చే ఏడు కూడా పిలవాలి. వారికి కావలసింది ఏడాదికొకసారి పంచే బిర్యానీ పొట్లం కాదు, తిరిగి వెళ్లగలిగే ఒక గడప.