ద్రవాల సంపీడ్యత

పీడనం పెంచినప్పుడు ఒక ద్రవం తన ఘనపరిమాణంలో ఎన్నో వంతు కోల్పోతుందో తెలిపే ధర్మం సంపీడ్యత. దీని విలోమమే ఆయత గుణకం. గది ఉష్ణోగ్రత దగ్గర నీటి మీద అదనంగా ఒక వాతావరణ పీడనం మోపితే దాని ఘనపరిమాణం పది లక్షల పాళ్లలో సుమారు 46 పాళ్లు తగ్గుతుంది. వెయ్యి లీటర్ల నీటిలో తగ్గేది 46 మిల్లీలీటర్లన్నమాట. గాలి అయితే పీడనం రెట్టింపు కాగానే సగానికి కుంచించుకుపోతుంది. అందుకే పాఠ్యపుస్తకాలు ద్రవాలను అసంపీడ్యాలుగా లెక్కిస్తాయి. కాలువల్లో, మామూలు గొట్టాల్లో ప్రవాహాన్ని లెక్కగట్టడానికి ఆ ఉజ్జాయింపు చాలు. కానీ లోతు బాగా పెరిగిన చోట, ప్రవాహం ఉన్నట్టుండి ఆగిన చోట, ద్రవాన్ని ఎటూ కదలనివ్వకుండా బిగించిన చోట అది పనికిరాదు.

వాయువులో అణువుల మధ్య ఖాళీ జాగా ఎక్కువ, నొక్కితే తగ్గేది ఆ ఖాళీయే. ద్రవంలో అణువులు దాదాపు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఇంకా దగ్గరికి నెడితే వాటి ఎలక్ట్రాన్ మేఘాలు గట్టిగా వికర్షించుకుంటాయి. పీడనం పెరిగేకొద్దీ ఈ ప్రతిఘటన కూడా పెరుగుతుంది గనుక సంపీడ్యత స్థిరాంకం కాదు, క్రమంగా తగ్గుతుంది. ద్రవానికీ ద్రవానికీ తేడా ఎక్కువే. పాదరసం సంపీడ్యత నీటి సంపీడ్యతలో పదో వంతు కంటే తక్కువ. గ్లిజరిన్‌ది దాదాపు సగం. ఇథనాల్‌ది రెట్టింపుకు పైగా, ఈథర్‌ది సుమారు నాలుగు రెట్లు.

నీటి తీరు మరీ విడ్డూరం. మిగతా ద్రవాలు వేడెక్కేకొద్దీ మరింత సులువుగా నొక్కుడు పడతాయి. నీరు మాత్రం సుమారు 46 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కేకొద్దీ గట్టిపడి, ఆ తరవాతే అందరి దారికి వస్తుంది. చల్లని నీటిలో హైడ్రోజన్ బంధాలు అణువులను కొంత ఎడంగా నిలిపి ఉంచుతాయి. పీడనానికి ముందుగా కూలేది ఆ ఎడం నిర్మాణమే.

అసలు నీరు అణుగుతుందన్న సంగతి తేలడానికే దాదాపు వంద ఏళ్లు పట్టింది. ఫ్లోరెన్స్‌లోని అకాడెమియా దెల్ చిమెంతో పండితులు వెండి గోళంలో నీరు నింపి, మూసి, సుత్తితో కొట్టి అణచారు. నీరు కుంచించుకోలేదు, లోహపు సందుల్లోంచి చెమట పట్టినట్టు బయటికి ఊరింది. 1667లో అచ్చయిన ఈ ప్రయోగాన్ని చూపి నీరు అణగదని చాలామంది తీర్మానించేశారు. నిజానికి ఆ ప్రయోగం చెప్పింది గోళం నిలవలేదని మాత్రమే. లండన్ బడిపంతులు జాన్ కాంటన్ 1762లో ఎదురు దారి పట్టాడు. నొక్కడానికి బదులు, ఉన్న ఒత్తిడిని తీసేశాడు. సన్నని నాళం గల గాజు బుడ్డిలో గాలి తొలగించిన నీటిని నింపి, గాలి పంపు కింద పెట్టి చూస్తే నాళంలో మట్టం కొంచెం పైకి లేచింది. అతను రాబట్టిన విలువ నేటి విలువకు చాలా దగ్గరగా ఉంది. చలికాలంలో నీరు ఎండాకాలంలో కంటే ఎక్కువగా అణుగుతోందని కూడా కాంటనే గుర్తించాడు. రాయల్ సొసైటీ అతనికి 1764 సంవత్సరపు కోప్లే పతకం ఇచ్చింది.

లోపలి నుంచి పీడనం పెంచితే పాత్ర కూడా ఉబ్బుతుంది కదా అన్న చిక్కు మిగిలింది. విద్యుదయస్కాంతత్వంతో పేరు పొందిన డెన్మార్క్ శాస్త్రవేత్త అయర్‌స్టెడ్ 1822లో ద్రవమున్న బుడ్డిని నీరు నింపిన మరో గట్టి పాత్రలో ఉంచి, లోపలా బయటా ఒకే పీడనం ఉండేలా చేశాడు. గాజు సైతం రవ్వంత అణుగుతుంది గనుక ఆ సవరణ వేరుగా చేయాలి.

ద్రవంలో ధ్వని వేగాన్ని నిర్ణయించేది కూడా ఈ ధర్మమే. ఆయత గుణకాన్ని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. 1826లో కొలాడన్, స్టుర్మ్ జెనీవా సరస్సులో నీటి కింద గంట మోగించి, అదే క్షణాన మందుగుండు వెలిగించి, సుమారు 13 కిలోమీటర్ల అవతల చప్పుడు విన్నారు. వచ్చిన వేగం సెకనుకు 1,435 మీటర్లు. నీరు నిజంగా అసంపీడ్యమైతే ఆ చప్పుడు దూరంతో నిమిత్తం లేకుండా తక్షణం వినబడాలి.

సముద్రంలో నీటి సంపీడ్యత అనే ఈ చిన్న అంకె ప్రభావం పెద్దదవుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతున నీరు రెండు శాతానికి కొంచెం తక్కువగా, మరియానా అగాధం అడుగున దాదాపు ఐదు శాతం నొక్కుకుని ఉంటుంది. ఈ నొక్కుడే లేకపోతే ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికంటే పదుల మీటర్లు ఎత్తులో ఉండేది.

వేగంగా పారే నీటిని వాల్వు మూసి ఆపితే పైపు దడదడలాడుతుంది. దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. మాస్కోలో నికొలాయ్ జుకోవ్‌స్కీ 1897-98లో నగర నీటి గొట్టాల మీద పరిశోధించి, పెరిగే పీడనం సాంద్రత, ధ్వని వేగం, ఆగిన ప్రవాహ వేగం ఈ మూడింటి లబ్ధమని తేల్చాడు. సెకనుకు ఒక మీటరు చొప్పున పారే నీరు ఉక్కు పైపులో ఒక్కసారిగా ఆగితే పీడనం పది వాతావరణ పీడనాలకు పైగా ఎగబాకుతుంది. ఈ తాకిడిని ఓర్చడానికే జలవిద్యుత్ కేంద్రాల్లో సర్జ్ ట్యాంకులు కడతారు. తెలంగాణ ఎత్తిపోతల వార్తల్లో తరచూ వినబడే సర్జ్ పూల్ పనుల్లోనూ ఇదొకటి.

బిగించిన ద్రవం వేడెక్కితే ముప్పు. ఏమాత్రం సాగని పాత్రను ఖాళీ లేకుండా నీటితో నింపి 20 నుంచి 30 డిగ్రీలకు వేడి చేస్తే లోపలి పీడనం 55 వాతావరణ పీడనాల దాకా పెరుగుతుంది. వంటగ్యాస్ ద్రవం నీటి కంటే ఎంతో ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టే సిలిండర్‌లో సుమారు ఐదో వంతు జాగా వదిలి నింపుతారు. ద్రవం అంతగా అణగకపోవడమే ఇంకోచోట రక్షణ. బాయిలర్లను, సిలిండర్లను గాలితో కాక నీటితో హైడ్రో టెస్ట్ చేస్తారు. నూరు వాతావరణ పీడనాల దగ్గర నీటిలో దాగే శక్తి, అంతే ఘనపరిమాణం గల గాలిలో దాగే శక్తిలో వెయ్యో వంతు కూడా ఉండదు. పాత్ర పగిలినా నీరు చిమ్మి ఆగిపోతుంది. వాహనాల బ్రేక్ ఆయిల్‌లో గాలి బుడగ చేరితే పెడల్ మెత్తబడేది ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. నొక్కిన నొక్కంతా బుడగను అణచడానికే సరిపోతుంది. మెకానిక్ ముందుగా ఎయిర్ తీసేది అందుకే.

ద్రవాన్ని నొక్కడమే కాదు, లాగవచ్చు కూడా. గాజు నాళంలో పూర్తిగా నిండిన నీటిని చల్లార్చితే గోడలను విడవకుండా సాగి నిలవడాన్ని బెర్తెలో 1850లో చూపాడు. చెట్ల దారువులో నీరు పైకి ఎక్కేది ఇలాంటి రుణ పీడనం కిందనే. 1950లో అమెరికా శాస్త్రవేత్త లైమన్ బ్రిగ్స్ నీటి నాళాన్ని గిరగిరా తిప్పి, 10 డిగ్రీల దగ్గర నీరు తెగకుండా సుమారు 277 వాతావరణ పీడనాల లాగుడును ఓర్చిందని కనుగొన్నాడు. సున్నా డిగ్రీల దగ్గర ఆ ఓర్పు 20కి పడిపోయింది.