పీహెచ్‌పీ భాషలో గర్భితశ్రేణుల పరిణామం: రాతలో స్వేచ్ఛ, చదువులో మౌనం

వ్యాససంగ్రహం

వెబ్ రచనకు విస్తృతంగా వాడే పీహెచ్‌పీ భాషలో దత్తాంశాలను నిలువచేసే ప్రధాన సాధనం శ్రేణి. ఒక శ్రేణిలో మరొక శ్రేణి ఇమిడే నిర్మాణాన్ని, దాని లోతు ముందుగా తెలియకపోయినా, ప్రోగ్రాం నడుస్తుండగానే కట్టుకొనే వెసులుబాటును ఆ భాష కల్పించింది. ఈ వెసులుబాటు ఏ సంప్రదాయం నుండి వచ్చింది, దానివల్ల ఎలాంటి చిక్కులు ఏర్పడ్డాయి, వాటిని ఏ దశలో ఎంతవరకు సరిదిద్దారు అనే అంశాలను ఈ వ్యాసం చారిత్రకక్రమంలో పరిశీలిస్తుంది. తెలుగు పదసూచికలు, గ్రంథసూచికలు రూపొందించే పరిశోధకులకు ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని చివర చర్చిస్తుంది.

కీలకపదాలు: పీహెచ్‌పీ, గర్భితశ్రేణి, స్వయంసృష్టి, రిఫరెన్సు, హాష్ టేబుల్, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

కంప్యూటరు పరిభాషలో 'అర్రే' అనే దానిని ఈ వ్యాసంలో 'శ్రేణి' అనీ, 'నెస్టెడ్ అర్రే'ను 'గర్భితశ్రేణి' అనీ వ్యవహరిస్తున్నాను. శ్రేణిలోని ప్రతి విలువకూ ఒక గుర్తింపు ఉంటుంది. దానిని వాడుకలో ఉన్నట్లుగానే 'కీ' అంటున్నాను.

ఆంధ్రమహాభారతాన్ని దత్తాంశంగా ఊహించుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. గ్రంథంలో పర్వాలు, పర్వంలో ఆశ్వాసాలు, ఆశ్వాసంలో పద్యాలు ఉంటాయి. ఆదిపర్వానికి 8 ఆశ్వాసాలుంటే సభాపర్వానికి 2 మాత్రమే. ఆదిపర్వానికి కవి ఒక్కడే. అరణ్యపర్వానికి ఇద్దరు. ఒక పద్యానికి పాఠభేదాలు ఉండవచ్చు, మరొకదానికి లేకపోవచ్చు. ఇటువంటి దత్తాంశానికి సమానమైన గదులున్న పట్టిక సరిపోదు. ఎక్కడ ఎంత లోతు అవసరమో అక్కడ అంత లోతు ఏర్పడాలి. పీహెచ్‌పీలో దీనిని ఇలా రాయవచ్చు:

$భారతం['అరణ్యపర్వం']['కవులు'][] = 'నన్నయ';
$భారతం['అరణ్యపర్వం']['కవులు'][] = 'ఎర్రన';

చరరాశుల పేర్లలో ఆస్కీకి ఆవలి బైట్లను ఆ భాష అనుమతిస్తుంది కాబట్టి, తెలుగు లిపిలో ఉన్నప్పటికీ ఇవి చెల్లుబాటయ్యే పీహెచ్‌పీ వాక్యాలే. మొదటి వాక్యం అమలయ్యే నాటికి 'భారతం' అనే శ్రేణి గాని, అందులో 'అరణ్యపర్వం' గాని లేకపోయినా ఫరవాలేదు. మార్గంలోని గదులన్నీ అప్పటికప్పుడు ఏర్పడతాయి. ఖాళీ చతురస్ర కుండలీకరణం తరువాతి స్థానంలో చేర్చమని సూచిస్తుంది. ఇలా అడగకుండానే గదులు ఏర్పడే లక్షణాన్ని ఇక్కడ 'స్వయంసృష్టి' అంటున్నాను. ఈ వ్యాసంలోని చర్చ అంతా ఈ లక్షణం చుట్టూనే సాగుతుంది.

2. పూర్వరంగం

స్వయంసృష్టి పీహెచ్‌పీతో పుట్టినది కాదు. 1960ల చివర అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో రూపొందిన మంప్స్ భాషలో దీనికి స్పష్టమైన పూర్వరూపం ఉంది. ఒక రోగికి ఒకే పరీక్ష, మరొక రోగికి పదుల సంఖ్యలో పరీక్షలు ఉండే ఆసుపత్రి రికార్డులు స్వభావరీత్యా అసమానమైనవి. అందువల్ల మంప్స్‌లో దత్తాంశాన్ని శాఖోపశాఖల చెట్టుగా భావించి, విలువ ఇచ్చిన చోటనే కొమ్మ మొలిచే ఏర్పాటు చేశారు.

1977లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ఆక్ భాషది మరొక దారి. అందులో శ్రేణిలో శ్రేణి ఉండదు. రెండు కీలను మధ్యలో ఒక అదృశ్యాక్షరంతో అతికి, ఒకే పొడవాటి కీగా మార్చి, బహుమితీయ శ్రేణి ఉన్నట్లు భ్రమ కల్పిస్తారు. 1987లో లారీ వాల్ రూపొందించిన పెర్ల్ కూడా తొలి రూపాలలో ఇదే ఉపాయాన్ని అనుసరించింది. 1994 అక్టోబరులో వెలువడిన పెర్ల్ 5 రిఫరెన్సులను ప్రవేశపెట్టడంతో నిజమైన గర్భితనిర్మాణం, దానితోపాటు స్వయంసృష్టి ఆ భాషలో స్థిరపడ్డాయి. అయితే పెర్ల్‌లో లోపలి విలువను కేవలం చదవబోయినా మధ్య గదులు ఏర్పడతాయి. పీహెచ్‌పీ రాతకు మాత్రమే ఆ శక్తినిచ్చి, చదువుకు ఇవ్వలేదు. తరువాతి చరిత్రను నిర్ణయించిన భేదం ఇదే.

3. పీహెచ్‌పీలో శ్రేణి స్వరూపం

రాస్మస్ లెర్డార్ఫ్ 1995 జూన్‌లో తన వ్యక్తిగత వెబ్ పుటల ఉపకరణాలను బహిరంగపరచడంతో పీహెచ్‌పీ లోకానికి పరిచయమైంది. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ విద్యార్థులైన ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ దానిని తిరగరాయగా 1998 జూన్‌లో పీహెచ్‌పీ 3, 2000 మేలో జెండ్ ఇంజిన్‌తో కూడిన పీహెచ్‌పీ 4 వెలువడ్డాయి.

ఇతర భాషల్లో జాబితా, నిఘంటువు, స్టాక్, క్యూ అని విడివిడిగా ఉండే నిర్మాణాలన్నింటికీ పీహెచ్‌పీలో శ్రేణి ఒక్కటే సమాధానం. లోపల అది చేర్చిన వరుసను గుర్తుంచుకొనే హాష్ టేబుల్. ఐ.బి.ఎం.లో హాన్స్ పీటర్ లూన్ 1953లో ప్రతిపాదించిన హాషింగ్ ఆలోచనకు ఇది దూరపు వారసురాలు. కీ పూర్ణాంకం గాని, అక్షరమాలిక గాని కావచ్చు. '1' అనే అక్షరమాలిక 1 అనే పూర్ణాంకంగా మారిపోతుంది. '01' మాత్రం మారదు.

మరొక ప్రధాన లక్షణం, శ్రేణి విలువగా బదిలీ కావడం. ఒక శ్రేణిని మరొక చరరాశికి ఇస్తే తర్కరీత్యా ప్రతి ఏర్పడుతుంది. నిజానికి మార్పు జరిగే క్షణం వరకు రెండూ ఒకే స్మృతిని పంచుకుంటాయి. ఈ లక్షణం వల్లనే లోతైన గదిని వెదుక్కుంటూ వెళ్ళి అక్కడ మార్చిన విలువ, మూలంలో మారకుండా ప్రతిలోనే మిగిలిపోయే ప్రమాదం ఏర్పడింది.

4. మార్గం ముందుగా తెలియనప్పుడు

ప్రోగ్రాం రాసేటప్పుడే మార్గం తెలిస్తే చిక్కు లేదు. 'అరణ్యపర్వం, 4, పద్యాలు' అనే మార్గం ప్రోగ్రాం నడుస్తుండగా వేరొకచోటి నుండి వస్తే, కుండలీకరణాలు ఎన్ని పెట్టాలో రచయితకు తెలియదు. దీనికి అనుసరించిన పద్ధతులు ప్రధానంగా నాలుగు.

మొదటిది, ప్రోగ్రాం వాక్యాన్నే అక్షరమాలికగా కూర్చి 'ఇవాల్' చేత అమలు చేయించడం. మార్గంలోని అక్షరాలు బయటివారి నుండి వచ్చినవైతే, వారు పంపినది మన ప్రోగ్రాంలో భాగంగా అమలవుతుంది. ఇది పద్ధతి కాదు, అపాయం.

రెండవది, రిఫరెన్సుతో నడవడం. మూలశ్రేణికి ఒక మారుపేరు పెట్టి, ఒక్కొక్క కీ వద్ద ఆ మారుపేరును లోపలి గదికి మార్చుకుంటూ పోవాలి:

$స్థానం = &$భారతం;
$స్థానం = &$స్థానం['అరణ్యపర్వం'];
$స్థానం = &$స్థానం['కవులు'];

ఈ అడుగును మార్గంలోని కీలన్నింటికీ ఆవృత్తి చేస్తే ఎంత లోతైనా చేరవచ్చు. '&' గుర్తు మరచిపోతే మార్పు ప్రతిలో జరిగి మూలం చెక్కుచెదరదు. ఏ హెచ్చరికా రాదు. ఇదే పద్ధతిని చదవడానికి వాడితే విపరీతం మరొకటి. లేని గదికి రిఫరెన్సు అడిగితే ఆ గది శూన్యవిలువతో ఏర్పడుతుంది. కేవలం చూడబోయినవాడు నిర్మించి వస్తాడు.

మూడవది, లోపలి నుండి బయటికి కట్టడం. మార్గాన్ని తలక్రిందులు చేసి, విలువను చివరి కీతో చుట్టి, ఆ శ్రేణిని దానికి ముందున్న కీతో చుట్టి, చివరకు మూలశ్రేణితో కలపాలి. రిఫరెన్సుల చిక్కు ఉండదు గాని కలిపే ప్రమేయం ఎంపికలో జాగ్రత్త అవసరం. 'అర్రే మెర్జ్ రికర్సివ్' పూర్ణాంక కీలకు కొత్త సంఖ్యలు వేస్తుంది. పద్యసంఖ్యలే కీలైతే అవి చెదిరిపోతాయి. 2009లో పీహెచ్‌పీ 5.3తో వచ్చిన 'అర్రే రిప్లేస్ రికర్సివ్' కీలను యథాతథంగా ఉంచుతుంది.

నాల్గవది, చుక్కలతో రాసిన మార్గం. లారవెల్ వంటి చట్రాలు 'అరణ్యపర్వం.కవులు' అనే ఒకే మాలికను చుక్కల వద్ద విడగొట్టి లోపలికి నడుస్తాయి. ఆక్, తొలి పెర్ల్ అనుసరించిన అతికింపు ఉపాయమే ఇక్కడ మరొక రూపంలో తిరిగి వచ్చిందని గమనించాలి. ఆ భాషలు సాధారణ రాతలో కనిపించని గుర్తును ఎంచుకోగా, ఇక్కడ అందరూ వాడే చుక్క ఎంపికైంది. 'సి.నారాయణరెడ్డి' అనే కీ ఈ పద్ధతిలో రెండు ముక్కలవుతుంది. 2011 జనవరిలో వెలువడిన ద్రూపల్ 7 ఈ చిక్కును తప్పించింది. దాని ప్రమేయాలు మార్గాన్ని మాలికగా కాక కీల శ్రేణిగానే స్వీకరిస్తాయి. చదివే ప్రమేయం విలువతోపాటు ఆ కీ నిజంగా ఉన్నదో లేదో కూడా వేరుగా తెలుపుతుంది. విలువ శూన్యం కావడం వేరు, గదే లేకపోవడం వేరు. 'ఇసెట్' ఈ రెండింటినీ ఒకటిగా చూస్తుంది. 'అర్రే కీ ఎగ్జిస్ట్స్' వేరుగా చూపుతుంది.

5. బయటివారు కట్టే శ్రేణులు

వెబ్ ఫారంలోని గడి పేరులో కుండలీకరణాలు ఉంటే, పీహెచ్‌పీ ఆ పేరును అనుసరించి గర్భితశ్రేణిని తానే కడుతుంది. ఫారం రాసేవారికి ఇది ఎంతో సౌకర్యం. అయితే సర్వర్ స్మృతిలో ఎంత లోతైన, ఎంత పెద్ద శ్రేణి ఏర్పడాలో నిర్ణయించే అధికారం దీనివల్ల బయటివారికి దక్కింది.

2011 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో ఈ బలహీనత చర్చకు వచ్చింది. అన్ని కీలూ హాష్ టేబుల్‌లో ఒకే గొలుసులో పడేలా ఎంచి పంపితే, ప్రతి కొత్త కీని అప్పటికున్న కీలన్నింటితో పోల్చవలసి వస్తుంది. 1,000 కీలకు సుమారు 5 లక్షల పోలికలు. 1,00,000 కీలకు సుమారు 500 కోట్లు. కీలు నూరు రెట్లు పెరిగితే శ్రమ పదివేల రెట్లు పెరుగుతుంది. 2012 జనవరిలో వెలువడిన పీహెచ్‌పీ 5.3.9 ఒక అభ్యర్థనలో స్వీకరించే చరరాశులకు 1,000 అనే సహజ పరిమితిని విధించింది. గర్భస్థాయికి 64 అనే పరిమితి కూడా ఉంది. శ్రేణి నిర్మాణాన్ని మార్చకుండా గుమ్మం వద్ద కాపలా పెట్టడమే ఈ పరిష్కార స్వభావం.

6. మౌనం వీడిన క్రమం

2012 మార్చిలో పీహెచ్‌పీ 5.4 శ్రేణికి చతురస్ర కుండలీకరణాల సంక్షిప్త రూపాన్నిచ్చింది. 2014లో దిమిత్రీ స్తోగోవ్, షిన్‌చెన్ హుయ్, నికితా పొపోవ్ ఇంజిన్‌ను పునర్నిర్మించగా, ఆ ఫలితం 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7గా వెలువడింది. 64 బిట్ల యంత్రాలపై శ్రేణిలోని ఒక గది పరిమాణం 72 బైట్ల నుండి 32 బైట్లకు తగ్గింది. ప్రతి లోపలి శ్రేణీ వేరొక హాష్ టేబుల్ కాబట్టి గర్భితశ్రేణులకు ఈ పొదుపు స్థాయి స్థాయికీ లభించింది.

అదే సంస్కరణలో వచ్చిన '??' గుర్తు, మార్గంలో ఏ గది లేకపోయినా ప్రత్యామ్నాయ విలువను ఇస్తుంది. కొత్త గదులను సృష్టించదు. చూడడాన్నీ నిర్మించడాన్నీ వేరుచేసే ఈ సౌకర్యం అంతవరకు రచయితలు ప్రతి స్థాయిలోనూ చేసుకున్న తనిఖీలను ఒక గుర్తులోకి కుదించింది. తరువాతి మార్పులన్నీ మౌనాన్ని తగ్గించే దిశలోనే సాగాయి. 7.1లో ఖాళీ మాలిక చప్పుడు లేకుండా శ్రేణిగా మారడం ఆగింది. 7.4లో శూన్యవిలువ లోపలికి చదవబోతే సూచన రావడం మొదలైంది. 2020 నవంబరు నాటి 8.0లో లేని కీని చదవడం సూచన స్థాయి నుండి హెచ్చరిక స్థాయికి పెరిగింది. 2021 నాటి 8.1లో 'అసత్యం' అనే విలువ నుండి స్వయంసృష్టి జరగడాన్ని నిరుత్సాహపరిచారు. శూన్యవిలువ నుండి, ఇంతవరకు లేని చరరాశి నుండి స్వయంసృష్టిని మాత్రం అలాగే ఉంచారు.

7. తెలుగు దత్తాంశాలకు అన్వయం

పీహెచ్‌పీ కీలను బైట్ల వరుసగానే పోలుస్తుంది. భాషలో లోపలినుండే యూనికోడ్‌ను నెలకొల్పాలని తలపెట్టిన పీహెచ్‌పీ 6 ప్రయత్నాన్ని 2010లో విరమించుకున్నారు. కనుక ఈ స్థితి కొనసాగుతున్నది. దీనివల్ల తెలుగు సూచికలు కట్టేవారు మూడు విషయాలను గమనించాలి.

ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. రెండూ సమానమని ప్రమాణం చెబుతుంది. కంటికి కూడా ఒకటే. పీహెచ్‌పీకి మాత్రం అవి రెండు వేర్వేరు కీలు. 'ఇంటల్' విస్తరణలోని నార్మలైజర్ వీటిని ఏకరూపం చేస్తుంది. పొల్లుతో ముగిసే పదాల చివర కనిపించకుండా నిలిచే విభాజకాన్ని అది కూడా తొలగించదు. దానిని విడిగా తీసివేయాలి. మూడవది అంకెల సంగతి. '1' పూర్ణాంకమవుతుంది, '౧' మాలికగానే ఉండిపోతుంది. ఒకే పద్యం రెండు గదులలో పడుతుంది.

ఒక పదసూచికలో 'అరణ్యపర్వం', 'అరణ్య పర్వం' అని రెండు రకాలుగా టైపు చేస్తే, రెండవ రూపానికి స్వయంసృష్టి చప్పుడు లేకుండా కొత్త పర్వాన్ని కడుతుంది. 18 ఉండవలసిన చోట 19 లెక్కకు వస్తాయి. ప్రయోగసంఖ్యలు రెండుగా చీలుతాయి. ఆ సంఖ్యలపై ఆధారపడిన నిర్ణయం తప్పుతుంది. 8.0లోని హెచ్చరికలు దీనిని పట్టుకోలేవు, ఎందుకంటే ఇది చదివేటప్పటి దోషం కాదు, రాసేటప్పటి దోషం.

8. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి:

1. అసమానమైన లోతు గల దత్తాంశం పాత సమస్య. మంప్స్ చెట్టు, ఆక్ అతికింపు కీ, పెర్ల్ రిఫరెన్సు, పీహెచ్‌పీ శ్రేణి దానికి వేర్వేరు కాలాల సమాధానాలు.
2. చుక్కల మార్గం కొత్త ఆవిష్కరణ కాదు, అతికింపు కీకి పునరాగమనం. మార్గాన్ని కీల శ్రేణిగా ఉంచుకోవడమే నిరపాయం.
3. సంస్కరణలు ప్రధానంగా చదువులోని మౌనాన్ని తగ్గించాయి. రాతలోని స్వేచ్ఛ దాదాపు మొదటి నాటిలాగానే ఉంది.
4. కాబట్టి కీలను ఏకరూపం చేయడం, అనుమతించిన కీల జాబితాతో సరిచూడడం భాష చేసే పని కాదు. దత్తాంశాన్ని కూర్చే పరిశోధకుడే గది ఏర్పడకముందే ఆ పని పూర్తిచేయాలి.