ఒక చక్రం, ఒక బడి సంచి

ఒంటిచక్రం సైకిల్ అంటే నాకు సర్కస్ గుర్తొచ్చేది. 2015 మార్చిలో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో 19 ఏళ్ళ ఎడ్ ప్రాట్ అదే ఎక్కి ప్రపంచం చుట్టడానికి బయలుదేరాడు. చక్రం 36 అంగుళాలు. 2018 జులైలో ఇంటికి తిరిగొచ్చాడు.

ఈ బండికి మామూలుగా ఫ్రీవీల్ ఉండదు. పల్లంలో కూడా తొక్కాల్సిందే.

3 లక్షల పౌండ్లకు పైగా పోగయ్యాయి. ఆ డబ్బు దూరం పోలేదు, సోమర్సెట్‌లోనే ఉన్న ‘స్కూల్ ఇన్ ఎ బ్యాగ్’ సంస్థకి ఇచ్చాడు. వాళ్ళ పని పేద పిల్లలకి చదువు సామాను నింపిన బడి సంచులు ఇవ్వడం. 2004 సునామీలో కొడుకుని పోగొట్టుకున్న కుటుంబం మొదలుపెట్టిన పని అది. ఆ రోజే మన ఆంధ్ర తీరంలోనూ అల వచ్చింది.

గుడిలో హుండీ చిల్లర లెక్కపెట్టే పని ఈ ఏడు మానేద్దామనుకున్నాను. మానను.

‘పల్లం’ ఈ వారం నేను నేర్చుకున్న మాట.