నెల్లూరు తీరపు జెముళ్లు: పేరెఱిగి ప్రాణము నిలుపుట



నేడు నేను ప్రసంగింపదలచిన విషయము, నీటిని తమ కాడలలోను ఆకులలోను దాచుకొని బ్రతుకు మొక్కలను గూర్చినది. జెముడు, కలబంద, కిత్తలి, రణపాల, నల్లేరు, కుందేటికొమ్ములు మొదలగునవి యీ కోవలోనివి. వీనికన్నిటికిని కలిపి మన వాడుకలో ఒక పేరు లేదు గనుక కండమొక్కలని చెప్పెదను. మైపాడు మొదలు కృష్ణపట్నము వఱకు ఇసుకదిబ్బలయందును, బకింగుహాము కాలువ గట్లమీదను, పొలిమేర కంచెలలోను వీనిలో అనేకములు మీ కండ్లయెదుట పెరిగినవే.

వీనికి నేడొక విచిత్రమైన దశ పట్టినది. పట్టణములలో మేడల కిటికీలయందు పింగాణి కుండీలలో వీని దూరపు చుట్టములను వెలపెట్టి కొని పెంచుచున్నారు. అవి కొన్ని మాసములకే కుళ్లి చచ్చుచున్నవి. ఊరిబయట ఎవరి పోషణయు లేక బ్రతుకుచున్న వానినో, పనికిమాలిన ముండ్లని నఱికివేయుచున్నారు. ఈ రెండును ఒకే రోగముయొక్క రెండు లక్షణములు. మొక్కను గుర్తింపలేకపోవుటయే ఆ రోగము. ఇది క్రొత్తది గాదు. రెండువందల సంవత్సరములనాడు ఒక రాజ్యాధికారమే ఈ రోగమున పడి ధనమును, శ్రమమును పోగొట్టుకొనినది. ముందుగా ఆ కథ వినుడు.

నాగజెముడు మన దేశపు చెట్టు గాదు. 1492లో కొలంబసు అమెరికా త్రోవ కనుగొనిన తరువాత ఐరోపావారి యోడలమీద అది తూర్పుదేశములకు వచ్చినది. నీరు పోయనక్కఱలేదు, పశువు ముట్టదు, మనుష్యుడు దాటలేడు; కావున కోటలకును తోటలకును మంచి కంచెయని నాటిరి. పుదుచ్చేరి చుట్టును ఫ్రెంచివారు పెంచిన ముండ్లకంచె ప్రసిద్ధమైనది. 1760లో ఆంగ్లసేన ఆ పట్టణమును ముట్టడించినపుడు మొదట ఆ కంచెను పట్టుకొనవలసివచ్చెను.

ఆ కాలమున మెక్సికో దేశమందు నాగజెముడు జాతిమీద బ్రతుకు ఒక చిన్న పురుగునుండి శ్రేష్ఠమైన ఎఱ్ఱరంగు తీయుచుండిరి. ఆ వర్తకమంతయు స్పెయినువారి గుప్పిట నుండెను. దానిని మన దేశమునకు తెచ్చినవారికి రెండువేల పౌనులు బహుమానమిత్తుమని ఈస్టిండియా కంపెనీవారు ప్రకటించిరి. మద్రాసులో కంపెనీ వైద్యాధికారిగా నుండిన జేమ్సు ఆండర్సను 1786లో ఒక గడ్డిమీద పురుగులను చూచి, ఇవియే ఆ రంగుపురుగులని లండనునకు వ్రాసెను. అవి కావని తేలినది. అయినను ఆయన విడువక, క్యూ ఉద్యానమునుండి మొక్కలు తెప్పించి, సైదాపేట దగ్గఱ నాగజెముడు తోటనే వేయించెను. తోట పెరిగినది గాని పురుగు రాలేదు.

1795లో నీల్సను అను సైనికోద్యోగి బ్రెజిలు దేశపు రియో రేవులో కొన్ని పురుగులను పట్టి కలకత్తాకు తెచ్చెను. అందఱును సంతోషించిరి. కాని అది మేలైన రంగుపురుగు గాదు, దాని యడవి జ్ఞాతి. దానినుండి దిగిన రంగు నాసిది. పైగా ఆ పురుగు తోటలో నాటిన మేలురకపు మొక్కలను గాక కంచెలలోని మఱియొక జాతి నాగజెముడును మేసి, కొలది కాలములో దానిని రూపుమాపసాగెను. రంగుకొఱకు తెచ్చినది కలుపునకు మందైనది! దీనిని గ్రహించి, 1836 మొదలు 1838 వఱకు ఆ పురుగునే బుద్ధిపూర్వకముగా దక్షిణదేశమునకు తెచ్చి విడిచిరి. కలుపుమొక్కను పురుగుచేత అణచుటలో లోకమున ఇది మొట్టమొదటి ప్రయత్నములలో నొకటి.

ఇంతటితో కథ ముగియలేదు. ఆ పురుగు ఒక జాతినే తినును. మన తీరమున విరివిగానుండిన పచ్చపూల నాగజెముడును అది ముట్టలేదు. ఆ జాతి పొలములను, త్రోవలను, శ్మశానములను ఆక్రమించెను. 1926లో సింహళమునుండి వేఱొక జాతి పురుగును తెచ్చి విడిచినపిదప, కొలది సంవత్సరములలో దక్షిణదేశమున సుమారు లక్ష యెకరముల నాగజెముడు నశించినది. మీ తాతల కాలమున మనిషి యెత్తు పెరిగిన కంచెలు మీ కాలమునకు అక్కడక్కడ పొదలుగా మిగులుటకు ముఖ్యకారణ మిదియే.

ఈ పురుగు మిత్రమా, శత్రువా? మన నెల్లూరు పేరుతోనే బ్రెజిలులో ఒక పశుజాతి ప్రసిద్ధికెక్కినది. 1868లో సాల్వడోరు రేవున దిగిన యొక జంటతో ఆ దేశమున దాని చరిత్ర ఆరంభమైనదని చెప్పుదురు. బ్రెజిలు ఈశాన్యభాగమందు వాన తక్కువ. అచటి రైతులు నాగజెముడును పైరుగా వేసి పశువులకు మేపుదురు. మనకు మేలుచేసిన ఆ రెండవ పురుగే అచట వారి మేతను నాశనము చేయుచున్నది. కావున మొక్కకుగాని పురుగుకుగాని మంచిచెడ్డలు పుట్టుకతో రావు; ఏ జాతి, ఏ చోట, ఏ పనికి అనుదానినిబట్టి వచ్చును. జాతిని గుర్తించుటయే తొలిపని.

ఇక మన జెముళ్లను గుర్తించు విధము చెప్పెదను. బ్రహ్మజెముడు అను పేరును ఒకచోట నొక చెట్టుకు, మఱియొకచోట వేఱొక చెట్టుకు వాడుచున్నారు. పేరును నమ్మక పాలను చూడుడు. నాగజెముడు పడగను కోసినచో నీరువంటి జిగురు వచ్చును, పాలు రావు. దాని ముండ్లు చిన్న మెత్తలవంటి మచ్చలనుండి గుత్తులుగా లేచును. వానితోకూడ కంటికానని నూగుముండ్లుండును. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు గిల్లినంతనే తెల్లనిపాలు కార్చును. బొంతజెముడు కాడ పలకలుగానుండి, అంచులవెంబడి ముండ్లు జంటజంటలుగానుండును. ఇది మన దేశమునందు పుట్టినదే. ఆ పాలు కంటబడినచో చూపునకే ప్రమాదము. పిల్లలను దూరముగా నుంచవలెను.

కలబందకును కిత్తలికిని భేదము అంతకన్న సులభము. కలబంద యాకును విఱిచినచో పుటుక్కున విఱిగి లోపల గుజ్జు కనబడును. కిత్తలియాకు విఱుగదు; నార సాగును. కలబంద యేటేట పూయును. కిత్తలి యనేక సంవత్సరములు పెరిగి, ఒక్కమాఱు స్తంభమువంటి పూగెల వేసి, ఆ తల్లిచెట్టు చచ్చును. అది రోగము గాదు, దాని ధర్మము. దానికి చికిత్స చేయబోవక, మొదట పుట్టిన పిలకలను తీసి నాటుకొనవలెను.

చికిత్సకు పూర్వము ఇంకొక రహస్య మెఱుగవలెను. అది మన రణపాల ఆకులో బయటపడినది. బెంజమిన్ హైనె అను జర్మను వైద్యుడు గోదావరి మండలమందలి సామర్లకోటలో కంపెనీవారి తోటను చూచి, తరువాత మద్రాసు ప్రభుత్వమున వృక్షశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. ఆయన రణపాల ఆకును వేకువను నమలిన పుల్లగా నుండుటయు, మధ్యాహ్నమునకు రుచి లేకపోవుటయు, సాయంకాలమునకు కొంచెము చేదగుటయు కనిపెట్టి, 1813లో లండనునకు లేఖ వ్రాసెను. దాని కారణము ఇరువదవ శతాబ్దమున గాని పూర్తిగా తేలలేదు. తక్కిన చెట్లు పగటివేళ ఆకురంధ్రములను తెఱచి గాలి పీల్చును. అప్పుడే నీరు ఆవిరియగును. రణపాలయు, జెముళ్లును, కలబందయు పగలు రంధ్రములను మూసికొని, రాత్రి తెఱచి, పీల్చిన గాలిని పులుసుగా మార్చి దాచుకొనును. పగటి వెలుతురులో ఆ పులుసుతో ఆహారము వండుకొనును. అందుచేతనే వేకువను పులుపు.

దీనిలోనుండియే చికిత్సాసూత్రమంతయు పుట్టుచున్నది. ఇంత పొదుపుగా నీరు వాడు మొక్కకు తులసికి పోసినట్లు దినదినము నీరు పోయుట, కడుపునిండిన శిశువునకు మరల అన్నము కుక్కుటయే. కుండీలోని కండమొక్కలు దాహముచేత చచ్చుటకంటె అతిపోషణచేత చచ్చుటయే మిక్కిలి యెక్కువ.

ఆకు ముడుతలు పడినది అనుకొనుడు. వెంటనే చెంబు పట్టుకొనరాదు. ముందు వ్రేలిని మట్టిలోనికి గ్రుచ్చి చూడవలెను. మట్టి యెండియున్నచో అది దప్పిక. నీరు పోసిన కొలదిదినములలో తేఱుకొనును. మట్టి తడిగానున్నను ఆకు ముడుతపడినచో వేళ్లు కుళ్లినవని అర్థము. అప్పుడు పోసిన ప్రతిచుక్కయు విషమే. మొదలు మెత్తబడి పసుపురంగైనచో కుళ్లు కాడకెక్కినది. మెడ సన్నగా సాగి, వెలవెలబోయి ఒకప్రక్కకు వాలినచో వెలుతురు చాలలేదు. నీడనుండి ఒక్కసారిగా మండుటెండలోనికి తెచ్చినచో ఎండవైపున మచ్చలు కాలును. ఆ మచ్చలు పోవు గాని చెట్టునకు భయము లేదు. ముదిరిన జెముడు మొదట గోధుమరంగున బెరడు కట్టుట రోగమే గాదు.

తెలుపు కనబడినచో మఱింత జాగ్రత్త వహింపవలెను. మట్టిమీద పెచ్చుగా కట్టిన తెలుపు ఉప్పు. మన తీరపు బావులలో ఇది సాధారణము. వాననీటితో మట్టిని బాగుగా కడిగి నీటిని పాఱనీయవలెను. ఆకు సందులలో దూదివలె నున్నది పిండినల్లి కావచ్చును. నాగజెముడు పడగమీది దూదిని పుల్లతో నలిపినపుడు నెత్తురువంటి ఎఱ్ఱదనము వచ్చినచో అది మనము చెప్పుకొనిన రంగుపురుగు. పిండినల్లిని తడిగుడ్డతో తుడిచి, సబ్బునీటిలో వేపనూనె కలిపి సాయంకాలమున చల్లవలెను. దానిని కాపాడు చీమల రాకపోకలనుకూడ ఆపవలెను.

కుళ్లిన మొక్కను బ్రతికించు విధమిది. కుండీనుండి పెఱికి మట్టి దులుపవలెను. నల్లబడి మెత్తనైన వేళ్లను, కాడను శుభ్రమైన కత్తితో గట్టి కండ కనబడువఱకు కోయవలెను. కోసినచోట గోధుమరంగు చుక్క యొక్కటి మిగిలినను కుళ్లు మరల పాకును. పిమ్మట నీడన, గాలి తగులుచోట, వారము దినములు ఆఱనీయవలెను. గాయము పొరకట్టును. చాలమంది ఓర్పులేక ఇక్కడనే చెడగొట్టుదురు. తరువాత క్రింద చిల్లుగల మట్టికుండీలో పెంకుముక్కలు పఱచి, రెండుపాళ్లు ముతక ఏటియిసుక, ఒకపాలు మట్టి కలిపి నాటవలెను. సముద్రపుటిసుక ఉప్పుగలది గనుక వాడరాదు. నాటిన వారమునకు గాని నీరు పోయరాదు. ఆపైన మట్టి పూర్తిగా ఎండినపుడే పోయవలెను. కాడ అంతయు పోయినను రణపాల ఆకు ఒక్కటి మిగిలిన చాలును. తడియిసుకమీద పఱచినచో అంచులనుండి పిల్లలు లేచును.

మన జిల్లాలో వర్షమెక్కువగా అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు కురియును. ఆ మూడుమాసములు కుండీలను చూరుక్రిందకు చేర్చవలెను. అంగళ్లలో అమ్ము గులాబివంటి చిన్నమొక్కలలో కొన్ని మెక్సికో కొండలనుండి వచ్చినవి. వానికి చల్లని రాత్రులు కావలెను; మన ఉక్క సరిపడదు. వానికొఱకు శ్రమపడుటకంటె ఈ నేల నెఱిగిన మొక్కలను పెంచుట వివేకము.

అట్టి మొక్కలలో నొకదానిని గూర్చి చెప్పి ముగించెదను. కుందేటికొమ్ములు మీ రెఱుగుదురు. ముండ్లపొదల నీడన పలకలుగల కాడలతో పెరుగును. గొఱ్ఱెలకాపరులు పచ్చిగానే నములుదురు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్సుబరో, 1795లో ప్రకటనమారంభించిన తన కోరమాండలు తీరపు వృక్షముల గ్రంథములో దీని బొమ్మ వేయించి, తెలుగువారు దీనిని కారల్లమందురని వ్రాసెను. తరువాత రాబర్టు బ్రౌను అను శాస్త్రజ్ఞుడు ఆ తెలుగుమాటనే తీసికొని ఒక జాతికంతటికిని కారల్లుమ అని పేరుపెట్టెను. నేడు లోకమున ఏ దేశపు ఉద్యానమందైనను ఆ జాతి మొక్కముందు నిలిచినవాడు, తానెఱుగకయే మన మాట పలుకుచున్నాడు. మనలోనో, ఆ మాట వినినవారే యరుదు.

మాట పోయినచోట మొక్కయు నిలువదు. తీరపు పొదలలో కొంతభాగము సరుగుడుతోటలైనది; 1990 తరువాత మఱికొంత రొయ్యల చెఱువులైనది; మిగిలినచోట సర్కారుతుమ్మ అల్లుకొనుచున్నది. బరువు తగ్గించు మందుకొఱకు కుందేటికొమ్ములను పెఱికి అమ్ముటయు ఇటీవలి దశాబ్దములలో మొదలైనది. నెల్లూరు జిల్లాలోనిదై 2022లో తిరుపతిజిల్లాలో చేరిన శ్రీహరికోటలో, 1971 నుండి అంతరిక్షకేంద్రపు కాపుదల యున్నందున, పాత తీరపుటడవి కొంత నిలిచియున్నది. ఆ దీవిలో బ్రతికిన యానాదులు ప్రతి మూలికను పేరుపెట్టి పిలువగలవారు. అన్ని యూళ్లకును అట్టి కాపుదల యుండదు. మీ యూరికి మీరే కాపు.

కావున పెద్దలకు నాదొక విన్నపము. ఈ శీతకాలము పోవకముందే మనుమలను వెంటబెట్టుకొని పొలిమేరకు పోయి, పాలు కార్చునది ఏది, జిగురు కార్చునది ఏది, నార తీయునది ఏది అని చేతితో చూపి, మీ యూరి పేర్లతో ఒక పుస్తకమున వ్రాయింపుడు. కంచె కొట్టించునపుడు ఒక మూల పొదను విడువుడు. పట్టణమందలి బిడ్డలు వాడిన కుండీని చూపి యేమి చేయుదుమని యడిగినచో, నీరు పోయుమని చెప్పక, దాని పేరేమని అడుగుడు.